రంగు మునగకుండా ఇంట్లో పేపర్ మార్బ్లింగ్: ఎలా చేయాలి?

"రంగు వేయగానే అడుక్కి పోతోంది." "నీళ్ల మీద బాగానే ఉంది, కాగితం కడగ్గానే అంతా కొట్టుకుపోయింది." మార్బ్లింగ్ మొదలుపెట్టినవాళ్లు అడిగేవి ఎక్కువగా ఈ రెండే. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు మొదటి నుంచి చివరిదాకా ఒకేచోట రాసిపెడుతున్నాను. ముందే ఒక మాట: ఈ పనిలో చెయ్యి తిరగడం కన్నా నీళ్లు కుదరడం ముఖ్యం. దువ్వెన ఎంత నేర్పుగా లాగినా కింద నీళ్లు సరిగ్గా లేకపోతే డిజైన్ నిలవదు. కింద రాసినదాంట్లో సగం దాకా రంగు ట్రేలో పడకముందు చేసే పనే ఉంటుంది. ఆ భాగం దాటేసి నేరుగా డిజైన్ల దగ్గరికి వెళ్లినవాళ్లే మళ్లీ ఆ రెండు ప్రశ్నలూ అడుగుతుంటారు.

ఇదేంటో తెలియనివాళ్ల కోసం: పాతకాలపు బైండింగ్ పుస్తకం అట్ట తెరవగానే లోపల చలువరాతి చారలతో రంగురంగుల కాగితం కనిపిస్తుంది చూడండి, అదే. పాత లెడ్జర్ల అంచుల మీద కూడా ఈ చారలు ఉంటాయి. అక్కడ అది అందం కోసమే కాదు. ఎవరైనా మధ్యలో పేజీ చింపేస్తే అంచు మీది చారలు అతకవు, దొంగ లెక్క దొరికిపోతుంది.

చిక్కటి జిగురునీళ్ల మీద రంగులు తేలేట్టు చేసి, వాటిని కదిపి డిజైన్ చేసి, కాగితం పరిచి దాన్ని ఎత్తుకోవడం, స్థూలంగా పని ఇంతే. తుర్కియేలో దీన్ని ఎబ్రూ అంటారు. 2014లో యునెస్కో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. మన పక్కనే బీజాపూర్‌లో 17వ శతాబ్దంలో ఇదే పద్ధతిలో ఏకంగా బొమ్మలే వేశారు. బక్కచిక్కిన గుర్రం, దాని మీద మనిషి, గుర్రం ఒళ్లంతా మార్బ్లింగ్ చారలే. ఆ చిత్రాలు ఇప్పుడు విదేశీ మ్యూజియాల్లో ఉన్నాయి.

నేను చెప్పేది ఎబ్రూ వరసే, కానీ సరుకు మనకు దొరికేది. అసలు ఎబ్రూలో రాతి మీద నూరిన మట్టి రంగులు, ట్రాగకాంత్ బంక, గుర్రపు వెంట్రుకల కుంచెలు వాడతారు. ఇంట్లో మొదటిసారికి ఆక్రిలిక్ రంగులు, క్యారజీనన్ పొడి తేలిక.

ఏమేం కావాలి

ట్రే: తెల్లటి ప్లాస్టిక్ ట్రే, 5 సెం.మీ. లోతు చాలు. పొడవు, వెడల్పు కాగితం కన్నా నాలుగేసి సెంటీమీటర్లు ఎక్కువ ఉండాలి. ఏ4 కాగితానికి 25 × 35 సెం.మీ. ట్రే సరిపోతుంది. అందులో 3 సెం.మీ. ఎత్తున నింపితే రెండున్నర లీటర్ల పైచిలుకు పడుతుంది. కాబట్టి జిగురునీళ్లు 3 లీటర్లు చేసుకోండి.

నీళ్లు: బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ అయితే ఉత్తమం, ఆర్ఓ నీళ్లు ఫరవాలేదు. బోరు నీళ్లు మాత్రం వద్దు. బిందె అడుగున తెల్లగా పేరుకునే సున్నం ఉంటుందే, అదే ఇక్కడ రంగును విరగ్గొడుతుంది. విదేశాల్లో ఉన్నవాళ్లు కుళాయి నీళ్లని నమ్మి మోసపోకండి, లండన్ కుళాయిలో వచ్చేవి కూడా సున్నం నీళ్లే.

క్యారజీనన్ పొడి, 20 గ్రాములు: సముద్రపు నాచు నుంచి తీసేది. కొనేటప్పుడు జాగ్రత్త. ఇందులో కప్పా, అయోటా, లాంబ్డా అని రకాలున్నాయి. వంట సరుకుగా అమ్మేది చాలావరకు కప్పా. తమిళనాడులో మండపం తీరాన పెంచే నాచు నుంచి వచ్చేదీ కప్పానే. అది జెల్లీలా గడ్డకడుతుంది, మనకు పనికిరాదు. "మార్బ్లింగ్ గ్రేడ్" అని గానీ, చల్లటి నీళ్లలో కరిగే లాంబ్డా అని గానీ రాసి ఉన్నదే తీసుకోండి. అనుమానం ఉంటే చెంచాడు పొడి గ్లాసు వేడినీళ్లలో కలిపి చల్లారనివ్వండి. గ్లాసు వంచినా కదలకుండా గడ్డకట్టిందంటే అది కప్పా.

పటిక: కిరాణా కొట్లో దొరికే మామూలు పటికే. పొడి చేసుకోండి. రంగును కాగితానికి పట్టి ఉంచేది ఇదే.

రంగులు: ఆక్రిలిక్‌లో నాలుగు చాలు. ముదురు నీలం, ఎరుపు, పసుపు, తెలుపు. ట్యూబులో గట్టిగా వచ్చేవాటి కన్నా సీసాలో పల్చగా ఉండే ఫ్లూయిడ్ రకం మేలు. మరీ చవక రంగుల్లో సుద్ద ఎక్కువ, బరువుకి మునుగుతాయి. మెటాలిక్ రంగులు ఇప్పుడే వద్దు.

ఆక్స్ గాల్, చిన్న సీసా: ఎద్దు పిత్తరసం. రంగు నీళ్ల మీద పరుచుకునేలా చేస్తుంది. ఆర్ట్ సామాన్ల షాపుల్లో అడగండి. మనసొప్పనివాళ్లకు సింథటిక్ కూడా ఉంది, పని ఒకటే.

కాగితం: 90 నుంచి 120 జీఎస్ఎం మధ్య, నునుపు పూత లేనిది, నీళ్లు పీల్చేది. డ్రాయింగ్ షీటు, హ్యాండ్‌మేడ్ కాటన్ కాగితం బాగుంటాయి. జిరాక్స్ కాగితం, ఆర్ట్ పేపర్ వద్దు. వాటిలో కలిపే సుద్ద పటికను తినేస్తుంది, రంగు పట్టదు. "యాసిడ్ ఫ్రీ" అని గొప్పగా రాసి ఉన్న ఖరీదైన కాగితాల్లో కూడా కొన్నిటితో ఇదే గొడవ, వాటిలోనూ సుద్ద కలుపుతారు. ఏ కాగితమైనా ముందు ఒక ముక్కతో చూసి, తర్వాతే కట్ట కొనండి. ఈ పని ఏళ్ల తరబడి చేస్తున్న చోటు చూడాలంటే పుదుచ్చేరిలో అరవిందాశ్రమానికి చెందిన హ్యాండ్‌మేడ్ పేపర్ యూనిట్ ఉంది. అక్కడి మార్బ్లింగ్ కాగితాలు ఒకటి రెండు కొని దగ్గర పెట్టుకుంటే మీది ఎంతవరకు వచ్చిందో పోల్చి చూసుకోవచ్చు.

పనిముట్లు: ఇవన్నీ ఇంట్లోనే ఉన్నాయి. రంగు చల్లడానికి కొండచీపురు నుంచి కాస్త కుచ్చు కోసి, చివర సమంగా కత్తిరించి, దారంతో కట్టండి. రంగుకొకటి. గీతలు గీయడానికి కొబ్బరి ఈనె. దువ్వెనకు ట్రే వెడల్పు ఉన్న రెండు అట్టముక్కల మధ్య సెంటీమీటరు ఎడంగా గుండుసూదులు పేర్చి టేపు చుట్టేయండి. ఇవి కాక రెండు స్పాంజిలు, డ్రాపర్, పాత న్యూస్‌పేపర్లు, కడగడానికి వెడల్పాటి టబ్బు, ఆరేయడానికి తాడు, క్లిప్పులు.

రంగు తగిలిన గిన్నెలు, చెంచాలు మళ్లీ వంటింట్లోకి పోకూడదు. ఆక్రిలిక్ వంటసామాను కాదు.

1. ముందురోజు సాయంత్రం: జిగురునీళ్లు

లీటరుకు 7 గ్రాముల లెక్కన, 3 లీటర్లకు 20 గ్రాములు చాలు. తూకం లేకపోతే రెండు టేబుల్ స్పూన్లకి కొంచెం తక్కువ.

మిక్సీ జారులో అర లీటరు నీళ్లు పోసి, తిరుగుతుండగా పై మూత సందులోంచి పొడి కొద్దికొద్దిగా వేయండి. ఒకేసారి కుమ్మరిస్తే ఉండలు కడుతుంది, ఇక ఆ ఉండలు కరగవు. నిమిషం పాటు తిప్పి, మిగతా నీళ్లలో పోసి గరిటెతో కలపండి. ఇప్పుడు చూస్తే తెల్లటి నురగతో, గాలి బుడగలతో ఉంటుంది. మూతపెట్టి రాత్రంతా వదిలేయండి. కనీసం 12 గంటలు. ఆ బుడగలన్నీ పైకొచ్చి పోవాలి, పొడి పూర్తిగా నానాలి. "రెండు గంటలు ఆగితే చాలదా?" అని అడుగుతారు. చాలదు. తొందరపడి అప్పుడే చేస్తే రంగు చుక్క గుండ్రంగా పరుచుకోకుండా అంచులు కోసుకుపోయినట్టు వస్తుంది.

పొద్దున్నే పల్చటి బట్టలో వడకట్టి ట్రేలో పోయండి. చిక్కదనం పల్చటి గంజిలా ఉండాలి. కంటితో కన్నా ఇలా చూసుకుంటే నయం: ఈనె ముంచి ట్రే ఈ చివర నుంచి ఆ చివరకు ఒక గీత లాగి ఈనె తీసేయండి. నీళ్ల కదలిక మీ చెయ్యి ఆగగానే ఆగిపోవాలి. ఆగకుండా సుడి తిరుగుతూనే ఉంటే పల్చన. గీత వెనక్కి లాక్కున్నట్టు ముడుచుకుంటే చిక్కన. చిక్కనైతే నీళ్లు కలపండి. పల్చనైతే మిగిలిన నీళ్లలో కాస్త పొడి విడిగా మిక్సీ పట్టి కలపాలి, మళ్లీ కొన్ని గంటలు ఆగాలి. పొడి నేరుగా ట్రేలో చల్లకండి.

ఫ్రిజ్‌లో పెట్టి ఉంటే గది వేడికి వచ్చేదాకా ఆగండి. చల్లటి నీళ్ల మీద గది వేడిలో ఉన్న రంగు సరిగ్గా విచ్చుకోదు. నీళ్లు, రంగు, గది అన్నీ ఒకే వేడిలో ఉండాలి. మే నెల మిట్టమధ్యాహ్నం ఈ పని పెట్టుకోకండి. ఎండల్లో జిగురునీళ్లు ఒక్కరోజుకే పల్చబడి వాసనేస్తాయి. చలికాలం, లేదంటే తెల్లవారుజాము. పని చేస్తున్నంతసేపూ ఫ్యాను ఆపాలి. ఫ్యాను గాలికి పైన పొర కడుతుంది, దుమ్మూ పడుతుంది.

2. కాగితానికి పటిక పట్టించడం

పావు లీటరు వేడినీళ్లలో ఒక టేబుల్ స్పూన్ పటిక పొడి కరిగించి చల్లార్చండి. కాగితం వెనకవైపు మూలన పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. ఆరాక ఏ వైపు పటిక ఉందో చూసి చెప్పలేరు. గుర్తు లేని వైపు స్పాంజితో అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి, ఎక్కడా వదలకుండా తడపండి. కారేంత వద్దు, తడి మెరిస్తే చాలు.

నీడలో ఆరనిచ్చి, ఇంకా కొంచెం చెమ్మ ఉండగానే కట్టగా పేర్చి పైన బరువైన పుస్తకాలు పెట్టండి. కాగితం చదునుగా ఉండాలి. వంకర్లు పోయిన కాగితం ట్రేలో పరిచేటప్పుడు గాలిని పట్టుకుంటుంది.

పటిక పట్టించిన కాగితం ఆ రోజో మర్నాడో వాడేయండి. వారాల తరబడి దాచకండి. పటిక ఆమ్లగుణం ఉన్నది, కాగితాన్ని పెళుసు చేస్తుంది. ఇంకో హెచ్చరిక: పటిక నీళ్లు ఒక్క చుక్క కూడా ట్రేలో పడకూడదు. పడ్డచోట రంగు పాలు విరిగినట్టు విరుగుతుంది, ఆ ట్రే మొత్తం పారబోయాల్సిందే. పటిక పని వేరే గదిలో చేసి, చేతులు కడుక్కుని రండి.

3. రంగులు కలపడం

ఒక్కో రంగు ఒక్కో చిన్న కప్పులో. ఒక వంతు రంగుకి ఒకటి, ఒకటిన్నర వంతుల డిస్టిల్డ్ వాటర్. కుంచె ముంచి ఎత్తితే తీగలా కారకుండా చుక్కలు చుక్కలుగా రాలాలి. కప్పు అడుగున గడ్డలు మిగలకుండా బాగా కలపండి. ఒక్క గడ్డ చాలు, ట్రేలో బండరాయిలా మునిగి చుట్టూ ఉన్న రంగును లాక్కుపోతుంది. పిత్తరసం ఇప్పుడే వేయొద్దు.

4. గిన్నెలో పరీక్ష

దీన్ని ఎవరూ చేయరు. రంగు మునిగిందని అడిగిన ప్రతివాళ్లకీ నేను తిరిగి వేసే ప్రశ్న ఇదే: గిన్నెలో చూశారా?

వెడల్పాటి గిన్నెలో కొంచెం జిగురునీళ్లు పోసుకోండి. ఒక రంగు చుక్క డ్రాపర్‌తో నీళ్లకు దగ్గరగా వదలండి, పైనుంచి కాదు. ఏం జరుగుతుందో చూడండి.

చుక్క 6, 7 సెంటీమీటర్ల దాకా గుండ్రంగా పరుచుకుని నిలిస్తే రంగు సిద్ధం. రెండు సెంటీమీటర్లకే ఆగిపోయినా, మధ్యలోంచి అడుక్కి జారినా ముందు ఇంకాస్త నీళ్లు కలిపి చూడండి. అప్పటికీ అంతే ఉంటే ఒక్క చుక్క పిత్తరసం. కలిపి, నిమిషం ఆగి, మళ్లీ పరీక్ష. రెండేసి చుక్కలు ఒకేసారి వేయకండి. ఎక్కువైతే వెనక్కి తీయలేం. రంగు పాలిపోయి గిన్నె నిండా పాకిందంటే పిత్తరసం ఎక్కువైనట్టే, అసలు రంగు కలుపుకోవాలి.

ఇప్పుడు అసలు కిటుకు. మొదట వేసే రంగుకి పిత్తరసం తక్కువ. రెండో రంగు మొదటిదాన్ని తోసుకుని చోటు చేసుకోవాలి కాబట్టి దానికి ఇంకొంచెం ఎక్కువ. మూడోదానికి ఇంకా ఎక్కువ. ఏ వరసలో వేయబోతున్నారో ఆ వరసలోనే గిన్నెలో ఒకదాని మీద ఒకటి వేసి చూడండి. రెండోది మొదటిదాని మధ్యలో చిన్న చుక్కలా ముడుచుకుంటే దానికి పిత్తరసం చాలలేదు. కప్పుల మీద 1, 2, 3, 4 అని రాసుకుని ఆ వరస మార్చకండి.

కొంచెం రంగు అడుక్కి పోవడం మామూలే. పైన నిలిచింది చిక్కగా ఉంటే చాలు.

5. పైపొర తీయడం

జిగురునీళ్లు కాసేపు కదలకుండా ఉంటే పైన కంటికి కనిపించని పొర కడుతుంది. న్యూస్‌పేపర్‌ని ట్రే వెడల్పున, నాలుగు వేళ్ల మందాన ముక్కలు కోసుకోండి. ముక్కను నిలబెట్టి, అంచు నీళ్లకి తగిలేలా ఈ చివర నుంచి ఆ చివరకు లాగి తీసేయండి. బుడగలు, దుమ్ము, పాత రంగు అన్నీ వచ్చేస్తాయి. ప్రతి కాగితానికి ముందు ఇది చేయాలి. చేసిన వెంటనే రంగు వేయాలి.

6. రంగు చల్లడం

చీపురు కుచ్చు మొదటి రంగులో ముంచి కప్పు అంచుకి ఒత్తండి. ట్రేకి జానెడు ఎత్తున పట్టుకుని, ఇంకో చేతి వేలి మీద కుచ్చు కాడ తడుతూ చుక్కలు రాలేలా చేయండి. ట్రే అంతా తిరగాలి, అంచుల దాకా. తర్వాత రెండో రంగు, మూడోది. పై రంగు పడేకొద్దీ కిందవి సన్నటి నరాల్లా దగ్గరికి వస్తాయి. అందుకే మొదటిది ముదురుగా ఉంటే అందం. చివర్లో తెలుపు నాలుగు చుక్కలు వేసి చూడండి, తక్కిన రంగులన్నీ లేచి కనిపిస్తాయి.

ఇక్కడే ఆగిపోయి కాగితం పరిస్తే అది బట్టల్. ఎబ్రూలో మొదటి పాఠం. మొదటి పది కాగితాలూ ఇదే చేయండి. దువ్వెన కోసం చెయ్యి దురద పెడుతుంది గానీ, రంగులు కుదిరాయో లేదో బట్టల్‌లో తెలిసినట్టు ఇంకెందులోనూ తెలియదు.

వేయడానికి, కాగితం పరచడానికి మధ్య రెండు మూడు నిమిషాలు మించనివ్వకండి. ఆక్రిలిక్ నీళ్ల మీదే ఆరడం మొదలుపెడుతుంది. అప్పుడు ఈనె తగిలితే గీత కాదు, చిరుగు వస్తుంది.

7. డిజైన్లు

గెల్-గిత్: బట్టల్ మీద ఈనెతో రెండేసి సెంటీమీటర్ల ఎడంగా పైకీ కిందకీ, ఈనె ఎత్తకుండా వరస గీతలు. ఈనె మొన నీళ్లలో కొద్దిగా మునిగితే చాలు, ట్రే అడుగు గీకకూడదు.

తరక్లి: గెల్-గిత్ గీతలకు అడ్డంగా దువ్వెన ఒక్కసారి, ఒకే వేగంతో లాగండి. మధ్యలో ఆగితే ఆగినచోట మడత కనిపిస్తుంది. ఒక్కసారి చాలు. రెండోసారి, మూడోసారి లాగితే రంగులన్నీ కలిసిపోయి బురదగా మారతాయి.

బుల్బుల్ యువాసి: చిన్నచిన్న సుడులు, బయటి నుంచి లోపలికి తిప్పుతూ. పిట్టగూళ్ల వరసలా వస్తుంది.

హతిప్: ఇస్తాంబుల్‌లో అయా సోఫియా మసీదు ప్రసంగకుడు, 1773లో చనిపోయిన మెహ్మద్ ఎఫెండి పేరు మీద వచ్చింది. లేతరంగు బట్టల్ మీద డ్రాపర్‌తో ఒక చుక్క, దాని నడిమధ్యన ఇంకో రంగు చుక్క, దాంట్లో మూడోది. ఇప్పుడు సూదిమొనతో బయటి నుంచి మధ్యకు, మధ్య నుంచి బయటకు నాలుగు వైపులా లాగితే పువ్వు విచ్చుకుంటుంది. ముగ్గులు వేసే చేతికి ఇది తొందరగా పట్టుబడుతుంది. ప్రతిసారీ సూది గుడ్డకి తుడవడం మరవకండి. తర్వాత నజ్‌మెద్దీన్ ఒక్యాయ్ (1883–1976) ఇదే దారిలో ముందుకెళ్లి తులిప్, కార్నేషన్ లాంటి పూలను కాడలు, ఆకులతో సహా వేసి చూపించాడు. అది ఇప్పుడే కాదు.

8. కాగితం పరచడం

ఊపిరి బిగబట్టాల్సిన ఘట్టం ఇది. కాగితాన్ని పటిక వైపు కిందకు వచ్చేలా, ఎదురెదురు మూలలు రెండు చేతులతో పట్టుకోండి. నడుము కొంచెం కిందకు వంగాలి. ముందు నడిమి భాగం నీళ్లకు తగలనిచ్చి, అక్కడి నుంచి రెండు వైపులా మెల్లగా వదలండి. ఆపకూడదు, వెనక్కి తీయకూడదు, పక్కకు జరపకూడదు. చెయ్యి వణికి క్షణం ఆగితే ఆగినచోట తెల్లటి గీత పడుతుంది, అది ఇక పోదు.

ఒక మూల ముందు ఆనించి ఎదుటి మూల దాకా దించుకుంటూ పోవడం ఇంకో పద్ధతి. పెద్ద కాగితాలకు అదే తేలిక.

కాగితం వెనక నుంచి తడి ఊరుతూ కనిపిస్తుంది. ఎక్కడైనా ఉబ్బి పొడిగా ఉంటే అక్కడ గాలి ఉంది. వేలితో మెల్లగా తట్టండి. కొన్నిసార్లు పోతుంది, కొన్నిసార్లు తెల్ల మచ్చ మిగులుతుంది.

9. ఎత్తడం, కడగడం, ఆరేయడం

పది, పదిహేను సెకన్లు చాలు. రెండు మూలలు పట్టి, ట్రే అంచుకి రాసుకుంటూ లాగండి, అదనపు జిగురు ట్రేలోనే ఉండిపోతుంది. ఏటవాలుగా పెట్టిన పలక మీద వేసి పైనుంచి చెంబుతో నెమ్మదిగా నీళ్లు జారవిడవండి. చేత్తో రుద్దకండి. జారుడు పోయేదాకా కడిగి తాడుకి క్లిప్పులు పెట్టండి. పూర్తిగా ఆరాక వెనకవైపు నుంచి తక్కువ వేడి మీద ఇస్త్రీ చేసి, పుస్తకాల కింద పెట్టండి.

వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది

కడిగిన నీళ్లు చూడండి. లేతగా రంగు పోవడం మామూలు, పైన అదనంగా ఉన్నది పోతుంది. డిజైన్ ముక్కలు ముక్కలుగా ఊడి వస్తుంటే పటిక పట్టలేదు. మర్నాడు ఆరిన కాగితాన్ని తెల్లగుడ్డతో గట్టిగా తుడవండి, గుడ్డకి రంగు అంటకూడదు. తర్వాత వెలుతురుకి ఎదురుగా పట్టుకోండి. సూదిమొనంత తెల్ల చుక్కలు చాలా ఉంటే దుమ్ము, గుండ్రటి ఖాళీలు ఉంటే గాలి బుడగలు. ఒకటి రెండు ఉన్నంత మాత్రాన పారేయకండి, చేత్తో చేసిన కాగితమని తెలిసేది వాటివల్లే.

ఎక్కడ తేడా కొట్టింది

రంగు మునిగిపోతోంది: నీళ్ల మీద పొర కట్టింది, లేదా రంగు చిక్కగా ఉంది, లేదా జిగురునీళ్లు పల్చబడ్డాయి. ఈ వరసలోనే చూసుకోండి. ముందు పైపొర తీసి ఇంకో చుక్క వేయండి, చాలాసార్లు అక్కడితో తేలిపోతుంది.

చుక్క నక్షత్రంలా, రంపపు అంచుతో వస్తోంది: జిగురునీళ్లు నానలేదు, లేదా చల్లగా ఉన్నాయి. ఆగడమే మందు.

రంగు తరకలు తరకలుగా విరుగుతోంది: సున్నం నీళ్లు వాడారు, లేదా పటిక ట్రేలో పడింది. కొత్తగా చేసుకోండి, బాగుచేసే దారి లేదు.

కడగ్గానే పోతోంది: పటిక చాలలేదు, లేదా తిరగేసి పరిచారు, లేదా కాగితంలో సుద్ద ఉంది. ముందు వెనక పెన్సిల్ గుర్తు చూడండి. గుర్తు రంగువైపు ఉంటే దోషం కాగితానిది కాదు.

కొన్నిచోట్లే పోతోంది: స్పాంజి అక్కడ తగల్లేదు. ఊడిన భాగం స్పాంజి వెడల్పున చారలుగా ఉంటుంది, గుర్తుపట్టడం తేలిక.

మొదటి రెండు కాగితాలు బాగా వచ్చి తర్వాతవి మసకబారాయి: పైపొర తీయడం మానేశారు, లేదా నీళ్లలో రంగు పేరుకుంది. మూడు లీటర్లతో పదిహేను, ఇరవై ఏ4 కాగితాల దాకా లాగొచ్చు, ఆ తర్వాత ఆశ పెట్టుకోకండి.

క్యారజీనన్ దొరక్కపోతే

బేకరీ సరుకులు అమ్మే చోట సీఎంసీ (కార్బాక్సీ మిథైల్ సెల్యులోజ్) అని నీళ్లను చిక్కబరిచే పొడి ఉంటుంది. లీటరుకు 10 గ్రాములతో మొదలుపెట్టి ఈనె గీత పరీక్షతో సరిచేసుకోండి, ఒక్కో కంపెనీది ఒక్కో చిక్కదనం. కాగితం ఎక్కువసేపు కడగాలి.

పాత పారశీక, తుర్కీ పనివాళ్లు మెంతులు, అవిసె గింజలు నానబెట్టి తీసిన జిగురు కూడా వాడేవాళ్లు. రెండూ మన వంటింట్లో ఉన్నవే కాబట్టి చేసి చూడాలనిపిస్తుంది. చూడండి, కానీ రెండో నెలలో. గింజ గింజకీ చిక్కదనం మారుతుంది, త్వరగా పులుస్తుంది. రంగు మునిగితే తప్పు రంగుదో మెంతులదో కొత్తవాళ్లు తేల్చుకోలేరు. గోంద్ కతీరా పేరుతో అమ్మే బంకతో కూడా ఇదే చిక్కు, ఆ పేరు మీద రకరకాల చెట్ల బంకలు అమ్ముతారు. మన మన్యంలో సేకరించే తపసి బంకను వ్యాపారంలో "ఇండియన్ ట్రాగకాంత్" అంటారు గానీ, ఎబ్రూలో వాడే ట్రాగకాంత్ అది కాదు.

జిగురు జోలికే పోకుండా చేయాలంటే జపాన్ వాళ్ల సుమినగాషి ఉంది. మామూలు నీళ్లు, సుమి సిరా, పటిక లేని కాగితం. సిరా వలయాలు వలయాలుగా వస్తుంది, దువ్వెన డిజైన్లు రావు. పిల్లలతో చేయడానికి అదే హాయి. ఆయిల్ పెయింట్‌లో టర్పెంటైన్ కలిపి నీళ్ల మీద వేసే పద్ధతికి కూడా పటిక అక్కర్లేదు, కానీ వాసన భరించాలి, కిటికీలు తెరవాలి, కాగితం మీద నూనె మరకలు మిగులుతాయి. షేవింగ్ ఫోమ్‌తో చేసేది సరదా, దాన్ని దీంతో కలపకండి.

చెయ్యి కుదిరాక ఒకటి ప్రయత్నించండి. తుమ్మ జిగురు నీళ్లలో కరిగించి, పటిక పట్టించి ఆరిన కాగితం మీద కుంచెతో ఒక అక్షరమో ఆకో వేసి పూర్తిగా ఆరనివ్వండి. తర్వాత మామూలుగా ట్రేలో పరచండి. జిగురు ఉన్నచోట రంగు అంటదు. కడిగితే జిగురు పోయి, రంగుల మధ్య ఆ అక్షరం తెల్లగా మిగులుతుంది. తుర్కీలో అక్షరాల ఎబ్రూ చేసేది ఇలాగే. జిగురు పల్చనైతే అంచు మసకబారుతుంది, మరీ మందంగా వేస్తే ఆరాక పగులుతుంది.

మిగిలిన జిగురునీళ్లు మూతపెట్టి ఫ్రిజ్‌లో పెడితే వారం దాకా ఉంటాయి. తిండి సామాన్లకు దూరంగా, పైన పేరు రాసి పెట్టండి. వాసన మారినా, ఈనె గీత నిలవకపోయినా పారబోయండి. పారబోసే ముందు ఒక పూట కదలకుండా ఉంచితే రంగు అడుక్కి దిగుతుంది. పైనీళ్లు వంపేసి, అడుగున మిగిలిన రంగు ముద్దను న్యూస్‌పేపర్‌లో చుట్టి చెత్తలో వేయండి. సింకులో పోస్తే గొట్టంలో ఆక్రిలిక్ గట్టిపడి కూర్చుంటుంది.